పార్టీలోకి నాగజాతివాడు వస్తానంటే: వింత జాతులకు డీఎం వేసుకోవాల్సిన లెక్క

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనేది ఒక్కొక్కరూ ఒక పాత్రను ఆడుతూ డైస్ వేసి కథ నడిపే ఆట. అందులో కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలుపెడితే చాలు, ప్లేయర్లలో ఒకరైనా మనిషి, ఎల్ఫ్, డ్వార్ఫ్ వద్దంటారు. రెక్కలున్నవాడో, ఇనప మనిషో, పాముతోక ఉన్నవాడో కావాలంటారు. అప్పుడు డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) ముందుగా చూసేది దెబ్బకు ఎంత డ్యామేజీ అని. నిజానికి ఆట చెడేది అక్కడ కాదు. మీరు రాత్రంతా కూర్చుని గీసుకున్న అగాధాన్ని, కోటగోడను ఆ శరీరం ఊరికే దాటేసినప్పుడు చెడుతుంది.

ఎగిరే జాతినే తీసుకోండి. 2015లో వచ్చిన పక్షిజాతి ఆరాకోక్రాకు మొదటి లెవెల్ నుంచే 50 అడుగుల ఎగిరే వేగం ఉంది. విజర్డ్‌కు (మంత్రగాడికి) ఎగిరే ఫ్లై మంత్రం అందేది 5వ లెవెల్‌లో, అదీ ఏకాగ్రత నిలిస్తే 10 నిమిషాలే. ఆరాకోక్రా చేతికి లాంగ్‌బో ఇచ్చి 130 అడుగుల ఎత్తున నిలబెట్టండి. బాణం 150 అడుగుల వరకు ఏ ఇబ్బందీ లేకుండా పోతుంది. కింద ఓగర్ అనే రాక్షసుడు విసిరే బల్లేనికి 120 అడుగులు దాటే దారి లేదు. పోరాటం కాస్తా షికారవుతుంది, మిగతా ముగ్గురు ప్లేయర్లు ఫోన్లు చూసుకుంటారు. వల విసిరి దించేద్దామంటే వల 15 అడుగులకు మించి పోదు. పోనీ, ఆ ఎత్తున ఎలాగో పడగొట్టారనుకుందాం. పదేసి అడుగులకు ఒక ఆరుముఖాల డై చొప్పున 13 డైస్, సగటున 45 డ్యామేజీ. మొదటి లెవెల్ క్యారెక్టర్ అక్కడికక్కడే పోతుంది. అయితే ఏమీ కాదు, లేదంటే చావే. మధ్యలో ఏమీ లేని ఆట ఎవరికీ రుచించదు.

మందు ఏమిటంటే, 5వ లెవెల్ దాకా ఎగిరినా తన టర్న్ చివర నేలమీదో కొమ్మమీదో వాలాలని పెట్టండి. వాలకపోతే పడిపోతాడు. అగాధం దాటొచ్చు, చెట్టెక్కొచ్చు, ఆకాశంలో నిలబడి బాణాలు మాత్రం వేయలేడు. 2021లో వచ్చిన జెమ్ డ్రాగన్‌బోర్న్‌కు (డ్రాగన్ పోలికల జాతికి) కూడా రెక్కలు వచ్చేది 5వ లెవెల్‌లోనే, లాంగ్ రెస్ట్‌కు (రాత్రి పూర్తి విశ్రాంతికి) ఒకసారి, ఒక్క నిమిషం. ఎగరడానికి ఎంత ధర కట్టాలో అధికారిక పుస్తకాలే అలా చెప్పేశాయి.

మిగతా శక్తులనూ ఇదే కంటితో చూడండి. 2019 నాటి ఇనప మనిషి వార్‌ఫోర్జ్‌డ్‌కు తిండి, నీళ్లు, గాలి, నిద్ర అక్కర్లేదు, పైగా ఏసీ (ఆర్మర్ క్లాస్, దెబ్బ తగలాలంటే దాటాల్సిన అంకె) ఒకటి ఎక్కువ. అందరి కన్నూ ఆ ఒక్క ఏసీ మీదే పడుతుంది. మీ కథ ఎడారిలో నీటి కరువు గురించైతే అసలు గండి పడేది అక్కడ కాదు, తిండీ నీళ్లూ అక్కర్లేకపోవడం దగ్గర. నగర రాజకీయాల కథైతే ఆ శక్తులతో మీకు ఏ నష్టమూ లేదు, హాయిగా ఇచ్చేయండి. తాబేలు జాతి టార్టిల్‌కు డెక్స్‌టరిటీతో (చురుకుదనంతో) పని లేకుండా ఏసీ 17. మొదటి లెవెల్ ఫైటర్ వేసుకునే చైన్ మెయిల్ కవచంతో వచ్చేది 16. తాబేలు విజర్డ్ వచ్చి ముందు వరసలో నిలబడితే కవచం కొనుక్కున్న ఫైటర్ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంకొకటి, జీవి రకం. 2018 సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం) లెక్కకు హ్యూమనాయిడ్ (మనిషి తరహా జీవి) కాదు, ఫే (మాయాలోకపు జీవి). హ్యూమనాయిడ్లను కట్టేసే హోల్డ్ పర్సన్, లొంగదీసే చార్మ్ పర్సన్ మంత్రాలు దానిమీద పనిచేయవు. పుస్తకంలో ఒక్క మాటే, ఫలితం పెద్దది.

లెక్కల్లోకి దిగేముందు ప్లేయర్‌ను ఒక ప్రశ్న అడగండి: ఈ జాతే ఎందుకు? చాలాసార్లు కావాల్సింది రూపమే. అలాంటప్పుడు పాత లెక్కలకు కొత్త వేషం చాలు. గుర్రం ముఖమున్న కిన్నరుడు కావాలా? 2014 పుస్తకంలోని హాఫ్ ఎల్ఫ్ అంకెలు అలాగే ఉంచండి, గానం, కరిష్మా (ఆకర్షణ) ఎలాగూ సరిపోతాయి. పది నిమిషాల పని. జవాబు "అది అయితే చావడం కష్టం" అని వస్తే మాత్రం రూపం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

వేషంతో తీరకపోతే కొత్తగా కట్టాలి. ఉదాహరణకు నాగజాతి. మీడియం సైజు, హ్యూమనాయిడ్‌గానే ఉంచండి. నడక 30 అడుగులు, ఈత 30. కాటు 1డి6 (ఒక ఆరుముఖాల డై) ప్లస్ స్ట్రెంగ్త్ (బలం). షార్ట్ రెస్ట్‌కు (చిన్న విశ్రాంతికి) ఒకసారి కాటుతోపాటు విషం మరో 1డి6, కాటు తిన్నవాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దిటవుతో తట్టుకునే డై) దాటితే సగం. 2014 పుస్తకంలో డ్రాగన్‌బోర్న్ ఊపిరి 2డి6తో ఒకేసారి పలువురిని తాకుతుంది కాబట్టి, ఒక్కరినే కాటేసే దీనికి ఇంతకన్నా భయపడక్కర్లేదు. విషానికి రెసిస్టెన్స్ (సగం డ్యామేజీ) ఇవ్వండి, ఇమ్యూనిటీ (అసలే అంటకపోవడం) వద్దు. ఇమ్యూనిటీ ఇస్తే విషపు అన్నం, విషపు బాణం అన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. 2016 నాటి పాముజాతి యువాన్-టీకి విషం అంటదు, మంత్రాల సేవ్‌లన్నిటికీ అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) కూడా ఉంది. రెండూ ఒకే ఒంట్లో పెడితే ఏమవుతుందో చూడాలంటే అదే నమూనా.

మనిషి రూపం మనవాళ్ల కథల్లో నాగులకు ఉన్నదే, ప్లేయర్ తప్పకుండా అడుగుతాడు. మొదటి లెవెల్‌లో వద్దు. 3వ లెవెల్‌లో, లాంగ్ రెస్ట్‌కు ఒకసారి, గంటసేపు ఇవ్వండి. వేషం మార్చే డిస్‌గైజ్ సెల్ఫ్ మంత్రం నిలిచేదీ గంటే. ఎబిలిటీ స్కోర్ల (బలం, చురుకుదనం లాంటి అంకెల) పెంపు జాతికి కట్టొద్దు, ప్లేయర్‌నే ఎంచుకోనివ్వండి. 2020 నుంచి పుస్తకాలూ అటే నడిచాయి, 2024లో వాటిని బ్యాక్‌గ్రౌండ్‌కే (పాత్ర పాత జీవితానికే) తగిలించారు.

ఒంటి గురించి కాగితం మీద రాసిపెట్టుకోవాల్సినవి ఉన్నాయి. తోకకు మాయ బూట్లు ఎలా? తోకకడియంగా మార్చండి, లేదంటే ఆ నిధి దొరికిన రోజున గొడవే. గుర్రమెక్కగలడా? లేదు, బండిలో వస్తాడు. ప్రోన్‌గా (నేలమీద బోర్లా) పడగొట్టొచ్చా? వచ్చు. ఇవి ఆట మధ్యలో తేల్చబోతే ప్రతిసారీ ప్లేయర్ తనవైపు, డీఎం తనవైపు లాగుతారు.

శక్తులు ఎక్కువయ్యాయని ప్రతి పోరాటంలో వెంటాడే శిక్ష మాత్రం పెట్టకండి. పాత కోబోల్డ్ అనే చిన్న జాతికి ఎండలో కొట్టే దెబ్బకు డిస్‌అడ్వాంటేజ్ (రెండు డైస్‌లో చిన్నదే లెక్క) ఉండేది. పగలు జరిగే కథలో అది ప్రతి డై దగ్గరా చిరాకే. లెవెల్ కోసే పద్ధతీ పాతబడింది. ఆట పాత 3.5 ఎడిషన్‌లో డ్రౌకి (పాతాళపు ఎల్ఫ్‌కి) రెండు లెవెల్స్ కోసేవారు, మంత్రాలూ హిట్ పాయింట్లూ వెనకబడి సాటివాళ్ల పక్కన తేలిపోయేవాడు. మాట్లాడటానికి అడ్డుపడే నియమం ఇంకా ప్రమాదం. కాకిలాంటి కెంకు జాతి విన్న శబ్దాలనే అనుకరిస్తూ మాట్లాడాలన్నది ఒక సెషన్‌కు సరదా, నాలుగో సెషన్‌కు తలనొప్పి. 2022 పుస్తకంలో దాన్ని తీసేశారు.

లోకంలో వాడి చోటు ఎక్కడో కూడా తేల్చండి. ఊరివాళ్లు చూడగానే ఏం చేస్తారు? యువాన్-టీల భయం ఉన్న ఫర్గాటెన్ రెల్మ్స్‌లోనైతే (ఈ ఆటకు ఉన్న ఒక ప్రసిద్ధ కల్పిత లోకం) తలుపులు వేసుకుంటారు. కార్తీకంలో పుట్టలో పాలు పోసే మన పల్లెల్లాంటి లోకమైతే దండం పెట్టి వరం అడుగుతారు. రెండోది ఆటకు ఎక్కువ సరుకిస్తుంది: ఇవ్వలేని వరం కోసం వెంటపడే జనం, దాన్ని చూసి అసూయపడే పూజారి. ఏది ఎంచుకున్నా, నలుగురి పార్టీలో ఇలాంటివాళ్లు ఇద్దరు దాటితే ప్రతి ఊరి వాకిట్లో అరగంట పోతుంది.

ఒప్పుకునే ముందు మీరొక్కరే కూర్చుని మూడు సన్నివేశాలు ఆడి చూడండి. మైదానంలో ఒక పోరాటం, 10 అడుగుల కప్పున్న గుహలో ఒకటి, పోరాటమే లేని నది దాటింపు ఒకటి. పక్కనే అదే లెవెల్ మనిషి ఫైటర్‌ను పెట్టండి. కొత్తవాడు రెండుచోట్ల ముందుండి ఒకచోట తడబడితే చాలు. మూడుచోట్లా ముందుంటే ఒక శక్తిని 3వ లెవెల్‌కో 5వ లెవెల్‌కో జరపండి, తీసేయకండి. మూడో సెషన్ వరకు అంకెలు మారొచ్చని ప్లేయర్‌కు మొదటిరోజే చెప్పి, ఆ మాట క్యారెక్టర్ షీట్ అడుగున అతని చేతే రాయించండి.