రగ్బీ లీగ్ క్లబ్‌లో డిఫెన్స్‌కి పడ్డ చిల్లు ఎక్కడుంది: లక్షణం, కారణం, మరమ్మతు

ట్రై (ప్రత్యర్థి మన గోల్ లైన్ దాటి బంతిని నేలకానించడం) పడగానే అందరి చూపూ ఆఖరున ట్యాకిల్ (బంతి మోసేవాడిని పట్టి ఆపడం) తప్పిన ఆటగాడి మీదికే పోతుంది. వీడియో అక్కడే ఆపితే దోషి అతనే. మూడు ట్యాకిళ్ళు వెనక్కి తిప్పి చూస్తే మాత్రం చాలాసార్లు తప్పు ఇంకెక్కడో దొరుకుతుంది. ఒక్కోసారి అది మైదానంలోనే ఉండదు, ఆఫీసు గదిలో ఉంటుంది. అందుకే ఇక్కడ మైదానం అంచున మొదలుపెట్టి రక్ (ట్యాకిల్ జరిగి బంతి మళ్ళీ ఆటలోకి వచ్చే చోటు) దగ్గరికి, బెంచ్ దగ్గరికి, కోచ్‌ల గదికి, చివరికి బోర్డు దాకా వెళ్దాం. ఈ వరుస మార్చకండి. చాలా క్లబ్బులు చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి, అంటే కోచ్‌ని పంపేసి, ఏడాది పోగొట్టుకుంటాయి.

ముందు ఒక లెక్క. జట్టుకి 13 మంది. బంతి ఉన్నవాళ్ళకి ఆరు ట్యాకిళ్ళు, ఆ ఆరూ కలిపి ఒక సెట్. ట్యాకిల్ అయిన ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టేటప్పుడు (ప్లే-ద-బాల్) అతనికి ఎదురుగా ఇద్దరు మార్కర్లు నిలబడతారు, మిగతా డిఫెన్స్ 10 మీటర్లు వెనక్కి పోవాలి. ఫుల్‌బ్యాక్ ఇంకా వెనకుంటాడు. అంటే 68 మీటర్ల వెడల్పు కాయడానికి డిఫెన్స్ గీత మీద మిగిలేది 10 మంది. కిక్ పడే ట్యాకిల్‌కి వింగర్లు ఇద్దరూ వెనక్కి తగ్గితే 8 మందే. ఈ లెక్కలో ఒక్కడు నేల మీద ఉండిపోయినా ఎక్కడో ఒకచోట ఖాళీ పుడుతుంది.

లక్షణం: ప్రత్యర్థి వింగర్ మూలలో ఒంటరిగా ట్రై కొడుతున్నాడు

ముందు పరీక్ష. డమ్మీ హాఫ్ (రక్ వెనక నిలబడి బంతి అందుకునేవాడు) బంతి ఎత్తిన ఫ్రేమ్‌లో వీడియో ఆపండి. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) నుంచి లోపలికి లెక్కపెట్టండి: వింగర్, సెంటర్, హాఫ్, సెకండ్ రోవర్. నలుగురూ తమ చోట్లలో, ముఖాలు ముందుకు పెట్టి ఉంటే తప్పు నిర్ణయంలో ఉంది. ముగ్గురే ఉన్నా, సెకండ్ రోవర్ ఇంకా లోపలి నుంచి పరిగెత్తుకొస్తున్నా, ఎడ్జ్ (అంచు) కాసే వాళ్ళని తిట్టకండి. నేరుగా రక్ భాగానికి వెళ్ళండి.

నిర్ణయంలో తప్పులు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది: ప్రత్యర్థి సెకండ్ రోవర్ బంతి అడుగుతున్నట్టు గీతలోకి దూసుకొస్తాడు, బంతి అతని వెనక నుంచి ఫుల్‌బ్యాక్‌కి వెళ్తుంది. మన సెకండ్ రోవర్, హాఫ్ ఇద్దరూ ముందొచ్చిన వాడినే పట్టుకుంటారు. బయట మిగిలేది ముగ్గురికి ఇద్దరు. రెండోది: సెంటర్ ఒక్కడే ముందుకు దూకుతాడు, వింగర్ తన గీత వదలడు. కబడ్డీలో కార్నర్ ఒక్కడే చీలమండకి దూకి, కవర్ కదలకపోతే రైడర్ ఎలా జారిపోతాడో, ఇక్కడ బంతి అలాగే వాళ్ళిద్దరి మధ్య నుంచి జారిపోతుంది.

మరమ్మతుకి మూడు నియమాలు చాలు. దూసుకొచ్చేవాడు ఎవరి ఎదురుగా వస్తే అతనిదే బాధ్యత, పక్కవాడు కదలకూడదు. ముందుకా, పక్కకి జరగడమా అన్న పిలుపు సెంటర్ ఒక్కడిదే, వింగర్ అతని అడుగులోనే అడుగు వేయాలి. బంతితో పాటే చేరుకోగలనన్న నమ్మకం ఉంటేనే సెంటర్ దూకాలి. అర అడుగు ఆలస్యమవుతుందనిపించినా జరగాలి, ఎందుకంటే పక్కకి జరిగితే పోయేది మీటర్లు, తప్పు దూకితే పోయేది ట్రై.

సాధన: 35 మీటర్ల వెడల్పు పట్టీలో ఆరుగురు దాడి, నలుగురు డిఫెన్స్. తొలి రెండు సెషన్లు నడక వేగంలో, తర్వాత సగం వేగంలో, మూడో వారంలో పూర్తి వేగంలో. ఒక్కో విడతకి ఆరు సార్లు, మధ్యలో నిమిషం విరామం, రెండు విడతలు. కోచ్ గీత వెనక నిలబడి, ట్రై పడిందా లేదా అన్నది కాకుండా ఎవరి పాదం ముందు కదిలిందో రాసుకోవాలి. అలసట తొందరపడి కలపకండి. నిర్ణయం కుదిరాక, నాలుగో వారం నుంచి ప్రతి సారికీ ముందు ఒకసారి ఛాతీ నేలకానించి లేవమనండి. ముందే కలిపితే అలసిపోయినప్పుడు తప్పు ఎలా చెయ్యాలో నేర్పినట్టే.

ఒకే ఎడ్జ్‌లో బలహీనమైన ట్యాకిలర్లు ఇద్దరిని పెట్టడం మరో పాత జబ్బు. చిన్నపాటి హాఫ్ ఉంటే ప్రత్యర్థి ఆట మొత్తం అతని మీదికే మనుషుల్ని పంపుతాడు. అతనికి లోపల మీ గట్టి సెకండ్ రోవర్ని, బయట బాగా మాట్లాడే సెంటర్ని పెట్టండి. జీతం లెక్క కూడా ఇక్కడికే వస్తుంది, దాని సంగతి చివర్లో.

లక్షణం: మధ్యలో తోసుకుంటూ వస్తున్నారు, ఐదో ట్యాకిల్‌కే మన 30 మీటర్ల గీత దగ్గరుంటున్నారు

ఇది రక్ జబ్బు. స్టాప్‌వాచ్ తీసుకుని ట్యాకిల్ పూర్తయినప్పటి నుంచి బంతి కాలికింద నుంచి వెనక్కి వెళ్ళేదాకా కొలవండి. మూడు సెకన్ల లోపు అయితే డిఫెన్స్ ఇంకా వెనక్కి నడుస్తూనే ఉంటుంది. నాలుగుకి దగ్గరైతే గీత నిలబడి, ఊపిరి తీసుకుని, ముందుకు వస్తుంది. సెట్‌లో మొదటి రెండు ట్యాకిళ్ళు వేగంగా పోతే మిగతా నాలుగూ వాటి వెంటే పోతాయి. కాబట్టి సగటు చూడకండి, మొదటి రెండూ విడిగా చూడండి.

రక్ ఎందుకు వేగంగా పోతోంది? ట్యాకిల్‌కి వెళ్ళిన ముగ్గురూ ఒకే ఎత్తులో తగలడం పెద్ద కారణం. మొదటివాడు బంతి ఎత్తులో, రెండోవాడు ఎదుటి భుజం మీద పట్టి ఆపాలి. మూడోవాడు ఆగి, వాళ్ళు నిలిపాక నడుము కింద పడి కాళ్ళు లాగేయాలి. అతను ముందే దూకితే బంతి మోసేవాడు ముందుకి, పొట్ట మీద పడి వెంటనే లేస్తాడు. వెల్లకిలా పడితే తిరిగి లేవడానికి సమయం పడుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ స్టార్మ్ క్లబ్ హెడ్ కోచ్ క్రెయిగ్ బెల్లమీ హయాంలో కుస్తీ, జుజుట్సు తెలిసిన కోచ్‌ని ప్రత్యేకంగా పెట్టుకున్నది ఈ ఒక్క పని కోసమే. తర్వాత మిగతా క్లబ్బులన్నీ అదే దారి పట్టాయి.

అయితే పట్టుకుని ఉండిపోవడానికి ఇప్పుడు ఖరీదు పెరిగింది. ఆస్ట్రేలియా ప్రధాన రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లో, కోవిడ్ విరామం తర్వాత 2020 మేలో ఆటలు తిరిగి మొదలైనప్పుడు, రక్ తప్పులకి పెనాల్టీ బదులు ‘సిక్స్ అగైన్’ తెచ్చారు. ఆట ఆగదు, ట్యాకిళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అదే ఏడాది ఇంగ్లండ్ సూపర్ లీగ్ కూడా అందుకుంది. పెనాల్టీ అయితే డిఫెన్స్‌కి ఊపిరి దొరికేది, ఇప్పుడు దొరకదు. కాబట్టి ముగ్గురికీ లేచే వరుస నేర్పండి: కాళ్ళ మీదున్నవాడు ముందు, పైనున్నవాడు తర్వాత, చివరివాడు మార్కర్‌గా నేరుగా ఎదురుగా. మార్కర్ ఒక అడుగు పక్కకి ఉంటే పెనాల్టీ. ఇద్దరు మార్కర్లూ ఒకే వైపుకి పరిగెడితే డమ్మీ హాఫ్ రెండో వైపు నుంచి పది మీటర్లు ఊరికే తీసుకుంటాడు.

ఇక వెనక్కి తగ్గడం. పది మీటర్లూ వెళ్ళి, పాదాలు కుదుర్చుకుని, బంతి కదలగానే ముందుకి మూడు అడుగులు అందరూ కలిసి వేయాలి. ఒక్కడు వేగంగా వస్తే అతని పక్కనే కంత. మీ గీత నిదానమే అయినా ఫరవాలేదు, వంకర ఉండకూడదు.

లక్షణం: గోల్ లైన్ దగ్గర పెద్ద ప్రాప్ (మధ్యలో బంతి మోసే భారీ ఆటగాడు) గుద్దుకుంటూ వచ్చి బంతి నేలకానిస్తున్నాడు

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: డిఫెండర్ గోల్ లైన్ మీదే నిలబడి కాచుకోవడం. అక్కడ వెనక్కి చోటు లేదు కాబట్టి రెండడుగులైనా ముందుకొచ్చి, బంతి ఉన్న చేయి కింద భుజం పెట్టాలి. వారానికి పది నిమిషాలు చాలు.

లక్షణం: 60 నిమిషాల దాకా బాగానే ఉన్నారు, ఆఖరి 20లో కూలిపోతున్నారు

అందరూ ఫిట్‌నెస్ కోచ్‌ని పట్టుకుంటారు. ముందు ఈ లెక్క వేయండి: మన 20 మీటర్ల లోపల డిఫెన్స్ చేసిన సెట్లు ఎన్ని, ఒక్కొక్కటీ ఎలా వచ్చింది. నాలుగు గడులు గీయండి: మన చేతిలో బంతి జారి, పెనాల్టీ వల్ల, సిక్స్ అగైన్ వల్ల, వాళ్ళ మంచి కిక్ వల్ల. మొదటి గడి నిండితే జబ్బు దాడిలో ఉంది. సొంత 20 మీటర్ల దగ్గర రెండో ట్యాకిల్‌కే బంతి పడేసే జట్టుకి ఎంత ఫిట్‌నెస్ ఉన్నా చాలదు. వరుసగా రెండు సెట్లు కాయడం వేరు, మధ్యలో బంతి దొరికి రెండు కాయడం వేరు.

ఆ గడి ఖాళీగా ఉంటే బెంచ్ చూడండి. ఒక ఆటలో ఆటగాళ్ళ మార్పులు ఎనిమిదే. మొదటి అరగంటలో నాలుగు ఖర్చయితే, ఒక గాయం తగలగానే చివర్లో ప్రాప్‌లు నిలబడిపోతారు. ప్రాప్‌కి మొదటి విడత 20-25 నిమిషాలు, రెండోది దాదాపు 20 అనుకుని వెనక నుంచి లెక్క వేయండి. 60వ నిమిషానికి చేతిలో కనీసం రెండు మార్పులు మిగలాలి.

లక్షణం: సాధనలో బ్రహ్మాండం, ఆటలో ఎవరికి వాళ్ళు

ఇక్కడి నుంచి తప్పు కోచ్‌ల గదిలో ఉంది. ముగ్గురు ఆటగాళ్ళని విడివిడిగా పిలిచి ఒకే ప్రశ్న అడగండి: “మూడో ట్యాకిల్, బంతి మన ఎడమ టచ్‌లైన్‌కి 15 మీటర్ల దూరం, నువ్వెక్కడుంటావ్?” మూడు సమాధానాలొస్తే మాట్లాడే గొంతులు ఎక్కువయ్యాయి. హెడ్ కోచ్ ఒకటి చెప్తాడు, డిఫెన్స్ చూసే అసిస్టెంట్ ఇంకొకటి, రిజర్వు జట్టు నుంచి వచ్చిన కుర్రాడికి అక్కడ నేర్పింది మరొకటి.

డిఫెన్స్‌కి ఒక్కరే యజమాని ఉండాలి. హెడ్ కోచ్‌కి అభ్యంతరం ఉంటే తలుపేసుకుని అతనితో మాట్లాడాలి, మైదానంలో ఆటగాళ్ళ ముందు మార్చకూడదు. పిలుపులన్నీ ఒక కాగితం మీద, ఎనిమిది మాటలకి మించకుండా రాయాలి. అవే మాటలు సీనియర్ జట్టు నుంచి కుర్రాళ్ళ జట్ల దాకా నడవాలి. ఆట మర్నాటి సమీక్షలో నలభై క్లిప్పులు వేస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు. పన్నెండు చాలు, అందులో నాలుగు సరిగ్గా చేసినవి ఉండాలి. వారంలో గట్టి కాంటాక్ట్ సాధన ఒక్క రోజే, ఆటకి కనీసం మూడు రోజుల ముందు.

లక్షణం: కోచ్ మారాడు, మూడు వారాలు బాగుంది, మళ్ళీ పాత కథే

అయితే సమస్య పైన ఉంది. సాధారణంగా వరుస ఇది: బోర్డు, సీఈఓ, ఫుట్‌బాల్ (రగ్బీ లీగ్‌నీ అక్కడ అలాగే పిలుస్తారు) వ్యవహారాల జనరల్ మేనేజర్, హెడ్ కోచ్, ఆయన కింద అసిస్టెంట్లు. నియామకాల మేనేజర్ జనరల్ మేనేజర్ కింద ఉంటాడు. పేర్లు క్లబ్బుని బట్టి మారతాయి. చిక్కంతా ఒకే పని ఇద్దరి చేతుల్లో ఉండటంలో ఉంది. మూడు నిర్ణయాలకి ఒక్కొక్క పేరు రాసి బోర్డు చేత ఆమోదింపజేయండి: జట్టు ఎంపిక హెడ్ కోచ్‌ది, ఒప్పందాలూ శాలరీ క్యాప్ (ఆటగాళ్ళ మొత్తం జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి) లెక్కా జనరల్ మేనేజర్‌ది, తలకి దెబ్బ తగిలినవాడు ఆడొచ్చా అన్నది డాక్టర్‌ది. బోర్డు సభ్యుడు ఆటగాడికి నేరుగా ఫోన్ చేసే అలవాటుంటే ఆ రోజే ఆపాలి.

డబ్బంతా ఫుల్‌బ్యాక్, హాఫ్‌లు, హుకర్ (సాధారణంగా డమ్మీ హాఫ్‌గా ఆడేవాడు) మీద పోసి, సెంటర్లని మిగిలిన చిల్లరతో కొనే క్లబ్బులకి ఎడ్జ్‌లో చిల్లు తప్పదు. ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్ కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ సంగతి చూడండి. ఫిల్ గౌల్డ్ జనరల్ మేనేజర్‌గా ఉండగా, పెన్రిత్ క్లబ్‌లో డిఫెన్స్ చూసిన కామెరాన్ సిరాల్డో 2023కి హెడ్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాది 17 జట్లలో 15వ స్థానం, ఇచ్చుకున్న పాయింట్లు 769. బోర్డు అతన్ని కదపలేదు. 2024కి పెన్రిత్ నుంచి సెంటర్ స్టీఫెన్ క్రైటన్‌ని తెచ్చి కెప్టెన్సీ ఇచ్చారు. ఆ సీజన్‌లో ఇచ్చుకున్నవి 433, స్థానం ఆరు, ఫైనల్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ)లోకి. ఎడ్జ్‌లో పిలుపునిచ్చే గొంతుకి డబ్బు పెట్టడం, కోచ్‌కి సమయమివ్వడం, రెండూ కలిసి చేసిన పని అది.

కొత్త కోచ్‌ని ఉంచాలా వద్దా అన్నది తేల్చేటప్పుడు స్కోరు పక్కన పెట్టి, చివరి ఆరు ఆటల్లో మూడు విషయాలు లెక్కపెట్టండి: గీత పూర్తిగా వెనక్కి వెళ్ళిన ట్యాకిళ్ళు, గీత తెగాక వెనక నుంచి పరిగెత్తి వచ్చినవాళ్ళ సంఖ్య, ట్యాకిల్ తప్పాక లేచి మళ్ళీ వెంటపడ్డవాళ్ళ సంఖ్య. ఈ మూడూ పెరుగుతుంటే ఆటగాళ్ళు అతని మాట వింటున్నట్టే, ఒప్పందాల జాబితాలో మార్పు చేయండి. మూడూ తగ్గుతుంటే, వాళ్ళు గెలుస్తున్నా సరే, కోచ్‌తో మాట్లాడాల్సిన వారం అదే.