సోలార్ గీజర్‌కి సబ్సిడీ వస్తుందంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

చీపురుపల్లిలో ఉండే మా పెదనాన్న ఈమధ్య ఫోన్ చేసి, "ఒరే, సోలార్ గీజర్ పెట్టించుకుంటే గవర్నమెంటు ముప్పై శాతం వెనక్కి ఇస్తాదంట, కుర్రాడొకడు వచ్చి చెప్పాడు, ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను" అన్నారు. అంత సంబరంగా చెబుతుంటే కాదనడానికి మనసొప్పలేదు గానీ చెప్పక తప్పలేదు. నీళ్ళు కాచే సోలార్ హీటర్లకి కేంద్రం 30 శాతం సబ్సిడీ ఇచ్చిన మాట నిజమే, అది 2010లో మొదలైన జాతీయ సోలార్ మిషన్ కింద ఉండేది, 2014లో ఆపేశారు. అయినా ఇప్పటికీ ఆ పాత మాట చెప్పి హీటర్లు అమ్మేవాళ్ళు మన ఊళ్ళలో తిరుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు సబ్సిడీ ఉన్నది నీళ్ళ సోలార్‌కి కాదు, కరెంటు సోలార్‌కి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద ప్యానెళ్ళు పెట్టుకుంటే 1 కిలోవాట్‌కి 30,000, 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు వస్తాయి. 3 దాటి ఎంత పెట్టినా అంతే. మన ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకి దీని మీద కిలోవాట్‌కి 10,000 చొప్పున 2 కిలోవాట్ల వరకు అదనంగా ఇస్తున్నారు, ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టే ఏర్పాటు ఉంది. మీరు ఆ వర్గాల్లో ఉంటే సొంతంగా ఏదీ మొదలుపెట్టకుండా ముందు మీ ఊరి సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ని కలవండి.

మరి వేడినీళ్ళ సంగతేంటి అంటారా, లెక్క చూడండి. 100 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకి తేవాలంటే సుమారు మూడున్నర యూనిట్లు కావాలి. 1 కిలోవాట్ ప్యానెల్ మన ఎండకి రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది. ధనుర్మాసంలో తెల్లారి ఐదింటికి స్నానం చేసేటప్పుడు ఎండ ఎక్కడుంటుంది అని అడుగుతారు, దానికే నెట్ మీటర్. పగలు మీరు గ్రిడ్‌కి పంపిన యూనిట్లు తెల్లారి మీరు వాడుకున్నవాటికి సరిపోతాయి, కాబట్టి మామూలు కరెంటు గీజరే ఉంచుకుని పైన ప్యానెళ్ళు పెట్టించుకుంటే, సబ్సిడీ వస్తుంది, నీళ్ళూ కాగుతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, బ్యాటరీ లేని సిస్టమ్ అయితే కరెంటు పోయినప్పుడు ప్యానెళ్ళూ ఆగిపోతాయి, ఎండ మండిపోతున్నా సరే. లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారు.

ఇక అప్లికేషన్. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మొబైల్ నంబర్‌తో రిజిస్టర్ అయ్యి, డిస్కం (అంటే కరెంటు పంపిణీ కంపెనీ) అన్నచోట మన వైపుది ఏపీఈపీడీసీఎల్ ఎంచుకుని, కరెంటు బిల్లు మీదున్న సర్వీస్ నంబర్ కొట్టాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మా ఇంట్లో అదే జరిగింది, బిల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి పన్నెండేళ్ళయింది. బిల్లు కట్టేటప్పుడు ఎవరూ అడగరు కాబట్టి పేరు ఎవరిదన్నది మాకెప్పుడూ పట్టలేదు. సబ్సిడీ మాత్రం అప్లై చేసినవాళ్ళ బ్యాంకు ఖాతాలోకే పడుతుంది, అందుకే బిల్లు మీది పేరు, ఆధార్, పాస్‌బుక్ మూడూ ఒక్కటిగా ఉండాలి. మేము తాతగారి డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు పట్టుకుని కరెంటోళ్ళ సెక్షన్ ఆఫీసు చుట్టూ తిరిగి పేరు మార్పించుకున్నాకే పని కదిలింది. మీరు వెండర్‌తో, అంటే ప్యానెళ్ళు అమ్మి బిగించేవాళ్ళతో, బేరం మొదలుపెట్టకముందే ఇవాళే బిల్లు తీసి పేరు చూసుకోండి, ఇంటిపేరు స్పెల్లింగుతో సహా. ఏదైనా తేడా ఉంటే 1912కి ఫోన్ చేసి అడగొచ్చు.

వెండర్‌ని పోర్టల్‌లో ఉన్న లిస్టులోంచే తీసుకోవాలి, బయటవాళ్ళు పెడితే సబ్సిడీ రాదు. కొటేషన్ మీద 'డీసీఆర్' ప్యానెళ్ళు అని రాయించుకోండి, అంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి, సబ్సిడీ వాటికే. ఐదేళ్ళ మెయింటెనెన్స్ కూడా వెండర్‌దే, అదీ కాగితం మీద ఉండాలి. ప్యానెళ్ళు బిగించాక నెట్ మీటర్‌కి అప్లై చేస్తారు, డిస్కం వాళ్ళు వచ్చి చూసి కమిషనింగ్ రిపోర్ట్ ఇస్తారు, అప్పుడు మీరు బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు ఎక్కించాలి. అంటే డబ్బు ముందు మీరే పెట్టుకోవాలి, సబ్సిడీ తర్వాత వస్తుంది. చేతిలో లేకపోతే తాకట్టు లేకుండా బ్యాంకు లోన్ ఉంది. "సబ్సిడీ నాకొచ్చాక సర్దుకుంటాను, మీరు సంతకం పెట్టండి చాలు" అనే వెండర్‌కి మాత్రం సంతకం పెట్టకండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. స్టాండు గాల్వనైజ్ చేసిన ఇనుముదై ఉండాలి, కాళ్ళు కాంక్రీటు దిమ్మల్లో బిగిసి ఉండాలి, ఉత్త ఇటుకల మీద నిలబెట్టి వెళ్ళిపోతామంటే ఒప్పుకోవద్దు. సోంపేట, కవిటి వైపు ఉప్పుగాలికి మామూలు బోల్టులు రెండేళ్ళలో తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. కొబ్బరిమట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దాంతో కలిపిన వరస మొత్తానికి ఉత్పత్తి తగ్గుతుంది, అందుకే ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకి మేడెక్కి నీడ ఎక్కడిదాకా వస్తుందో చాక్‌పీసుతో గీత గీసుకోండి. మేము రెండు రోజులు అలా గీసి, ప్యానెళ్ళు నాలుగడుగులు పక్కకి జరిపించాం.

ఇవన్నీ వద్దు, నీళ్ళ హీటరే కావాలంటే అదీ మంచిదే, కరెంటు లేకపోయినా వేడినీళ్ళు వస్తాయి. సబ్సిడీ లేదుగానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో 5 వేశారో లేదో చూడండి. మీ బోరు నీళ్ళకి బకెట్ల మీద తెల్లటి పొర కడుతుంటే రాగి గొట్టాల రకం పూడుకుపోతుంది, గాజు ట్యూబుల రకం తీసుకోండి. గాజు ట్యూబులకి కోతుల బెడద ఉంది, పైన వల కట్టించాలి. ఎండలో ఖాళీగా మాడిన ట్యూబుల్లోకి చన్నీళ్ళు వదిలితే ఠప్పున పగులుతాయి, కాబట్టి ట్యాంకు ఖాళీ అయిన రోజు మధ్యాహ్నం మోటారు వెయ్యకండి, పొద్దుగూకాక వెయ్యండి. పెదనాన్న అడ్వాన్స్ మూడు వారాలు తిరిగితే వెనక్కి వచ్చింది, ఇప్పుడు ఆయన బిల్లు మీద పేరు మార్పిస్తున్నాం.