బ్యాక్‌టెస్ట్‌లో ఎంట్రీ టైమ్ ఏది రాయాలి?

నిఫ్టీ చార్ట్ మీద బ్యాక్‌టెస్ట్ చేసి (అంటే మన ట్రేడింగ్ పద్ధతిని పాత ధరల మీద పరీక్షించి) జర్నల్ రాసేవాళ్లు ఒక్కటి చూసుకోండి. క్యాండిల్ (చార్ట్‌లో ఒక్కో వ్యవధి ధరల కదలికను చూపే కడ్డీ) మీద కర్సర్ పెడితే సాధారణంగా కనిపించేది అది మొదలైన టైమ్. 15 నిమిషాల చార్ట్‌లో 9:15 క్యాండిల్ ముగిసేది 9:30కి. క్లోజ్ (క్యాండిల్ ముగింపు ధర) చూసి కొనే పద్ధతి మీదైతే ఎంట్రీ 9:30 అనే రాయాలి, ధర కూడా తర్వాతి క్యాండిల్ ఓపెన్‌దే వేయాలి. నేను చాలా రోజులు 9:15 అనే రాశాను. అప్పటికి అసలు సిగ్నలే రాలేదు కదా! ఆ పేజీలన్నీ మళ్లీ దిద్దుకున్నాను.

బ్రేకౌట్ ఎంట్రీ (ధర మీరు ముందే పెట్టుకున్న గీత దాటగానే కొనడం) అయితే 1 నిమిషం చార్ట్‌లోకి వెళ్లి, ధర ఆ గీత దాటిన నిమిషం వెతికి రాయండి. డౌన్‌లోడ్ చేసిన డేటాలో మొదటి క్యాండిల్ 3:45 అని ఉంటే అది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), మన టైమ్ కావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపండి.