కొత్త కారు ఎంచుకునేటప్పుడు అంకెల్నీ, వారంటీనీ, పుకార్లనీ ఎంత నమ్మాలి?

కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా చివరికి తేలేవి మూడు ప్రశ్నలే. ఈ రెండింట్లో ఏది మేలు? చెడిపోతే ఖర్చు ఎవరిది? ఇంకో ఆరు నెలలు ఆగితే కొత్తది వస్తుందట, ఆగాలా? మూడింటికీ జవాబు వెతికే పద్ధతి ఒకటే అని నా నమ్మకం. చెప్పిన మాటకు ఎవరు పూచీ పడుతున్నారో చూడాలి. బ్రోషర్‌లోని అంకె వెనక ఒక పరీక్ష ఉంటుంది, వారంటీ వెనక కంపెనీ సంతకం ఉంటుంది. పుకారు వెనక చాలాసార్లు ఎవరూ ఉండరు.

1. ముందు మీ వాడకం రాసుకోండి

ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, అందులో ట్రాఫిక్ ఎంత, హైవే ఎంత, మామూలుగా ఎంతమంది ఎక్కుతారు, కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారు. ఈ నాలుగూ ఒక కాగితం మీద పెట్టుకోండి. వారంటీ లెక్క దగ్గర ఈ కాగితమే అక్కరకొస్తుంది.

2. వేరియంట్‌కి వేరియంట్‌తోనే పోలిక

ఒక కారు టాప్ ఎండ్ ఫీచర్లను ఇంకో కారు బేస్ మోడల్ ధరతో పోల్చి వాదించడం చాలాచోట్ల కనిపిస్తుంది. ప్రకటనలో కనిపించేది చాలాసార్లు టాప్ వేరియంటే (ఆ కారులో అన్ని ఫీచర్లూ ఉన్న ఖరీదైన రకం) కాబట్టి అలా జరుగుతుంది. మీరు నిజంగా కొనబోయే వేరియంట్ పేరు, ఇంజిను, గేర్‌బాక్సు, టైరు సైజుతో సహా రాసుకుని, అవతలి కారులో దానికి సరిజోడైనదాన్ని పక్కన పెట్టండి. టైరు సైజు ఎందుకంటే, పెద్ద అలయ్ వీల్స్ వేస్తే మైలేజీ, రైడ్ సౌకర్యం రెండూ మారిపోతాయి.

3. అంకె ఎలా కొలిచారో తెలుసుకోండి

పవర్‌తో మొదలుపెడదాం. కొందరు పీఎస్‌లో చెబుతారు, కొందరు హెచ్‌పీలో, కొందరు కిలోవాట్లలో. 100 పీఎస్ అంటే సుమారు 98.6 హెచ్‌పీ, అంటే 73.5 కిలోవాట్లు. తేడా చిన్నదే అయినా, రెండు మూడు పీఎస్‌ల మీద వాదన నడిచేచోట ముందు అందరూ ఒకే యూనిట్‌కి రావాలి. అంతకన్నా ముఖ్యం బరువు. 1,400 కిలోల కారులో 130 పీఎస్ ఉంటే టన్నుకు 93 పీఎస్ దాకా పడుతుంది. 1,050 కిలోల కారులో 115 పీఎసే ఉన్నా టన్నుకు 109 దాటుతుంది. బ్రోషర్‌లో చిన్నగా కనిపించిన అంకె రోడ్డు మీద ముందుంటుంది. టార్క్ (ఇంజిను తిప్పే బలం) ఎంత అనే దానితోపాటు ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) దగ్గర వస్తోందో కూడా చూడండి. 1,500 ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్క్ ఇచ్చే టర్బో ఇంజిను ట్రాఫిక్‌లో నడిపే తీరు వేరు, 4,400 దగ్గర అందుకునే మామూలు పెట్రోలు ఇంజిను తీరు వేరు.

పికప్ విషయంలో 0 నుంచి 100 కిలోమీటర్లు, 0 నుంచి 60 మైళ్లు ఒకటి కావు. 60 మైళ్లంటే 96.6 కిలోమీటర్లే. పైగా అమెరికా పత్రికల పరీక్షల్లో కారు మొదటి అడుగు (సుమారు 30 సెంటీమీటర్లు) దూరం కదిలాకే గడియారం మొదలవుతుంది. ఆ ఒక్క అడుగు వల్లే 0.2 నుంచి 0.3 సెకన్లు కలిసొస్తాయి.

మైలేజీ, ఎలక్ట్రిక్ కార్ల రేంజ్ దగ్గర ఏ పరీక్ష అన్నదే అసలు ప్రశ్న. యూరప్‌లో పాతకాలపు ఎన్ఈడీసీ పరీక్ష 20 నిమిషాల్లో 11 కిలోమీటర్లు నడిపి ముగించేది. 2017 సెప్టెంబరు నుంచి దాని స్థానంలోకి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు నడుపుతుంది, వేగం గంటకు 131 కిలోమీటర్ల దాకా వెళుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరీక్ష అంకె సాధారణంగా దీనికన్నా తక్కువే వస్తుంది. ఒక కారుకు ఒక పరీక్ష అంకె, ఇంకో కారుకు మరో పరీక్ష అంకె పట్టుకుని పోలిస్తే ఫలితం ఏమీ ఉండదు. బ్యాటరీ సైజు చెబితే అది మొత్తం కెపాసిటీయా, నిజంగా వాడుకోగలిగిందా అని అడగండి. ఫాస్ట్ చార్జింగ్‌లో గరిష్ఠ కిలోవాట్లు కొద్ది నిమిషాలే నిలుస్తాయి. 10 నుంచి 80 శాతం ఎక్కడానికి ఎన్ని నిమిషాలు అన్నదే పనికొచ్చే అంకె.

డిక్కీ లీటర్ల లెక్కలోనూ మెలిక ఉంది. యూరప్‌లో వాడే వీడీఏ పద్ధతిలో 200 × 100 × 50 మిల్లీమీటర్ల దిమ్మెలను పేర్చి, ఎన్ని పడితే అన్ని లీటర్లు అంటారు. కొన్ని కంపెనీలు వెనక ట్రే వరకే కొలుస్తాయి, కొన్ని పైకప్పు దాకా. అందుకే మీ సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూడటమే మంచిది.

సేఫ్టీ స్టార్లను ఏడాదితో కలిపే చదవాలి. యూరప్‌లో కార్లను ఢీకొట్టించి పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్‌లో 2005లో 5 స్టార్లు తెచ్చుకున్న ఫియట్ పుంటోకు 2017లో ఒక్క స్టారు కూడా రాలేదు. ఆ మధ్యలో పరీక్ష కఠినమైంది, డ్రైవర్‌కు సాయపడే సేఫ్టీ పరికరాలను కూడా లెక్కలోకి తీసుకోవడం మొదలైంది. కారు మాత్రం పెద్దగా మారలేదు. ఒకే సంస్థ, దగ్గర దగ్గర సంవత్సరాలు, దగ్గర దగ్గర బరువు ఉన్న కార్ల మధ్యే స్టార్లను పోల్చండి.

4. టెస్ట్ డ్రైవ్ ఒకే రోడ్డు మీద చేయండి

వీలైతే రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే దారిలో నడపండి. నడిపేముందు ఇంజిను చల్లగా ఉండేలా అడగండి. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వచ్చే చప్పుడు, అదురు అప్పుడే తెలుస్తాయి. గుంతల రోడ్డు, యూటర్న్, రివర్స్ పార్కింగ్ మూడూ ఉండాలి. వెనక సీట్లో మీరే పది నిమిషాలు కూర్చోండి. తొడల కింద సీటు ఆనుతోందా, మోకాళ్లు పైకి లేస్తున్నాయా అన్నది ఏ బ్రోషరూ చెప్పదు.

5. వారంటీ పుస్తకం పూర్తిగా చదవండి

నా దృష్టిలో కొనేముందు చేయాల్సిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే. కారు నచ్చాక దీన్ని ఎవరూ తెరవరు. షోరూమ్ వాళ్లు నోటితో చెప్పేది అడ్డంకి వచ్చిన రోజు చెల్లదు, పుస్తకంలో అచ్చయిందే చెల్లుతుంది. పుస్తకం ఇవ్వమని బుకింగ్‌కు ముందే అడగండి.

మొదట "ఏది ముందైతే అది" అన్న మాట వెతకండి. 5 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు అని ఉందనుకుందాం. ఏడాదికి 30,000 తిరిగేవాళ్లకు అది 3 ఏళ్ల 4 నెలల్లో అయిపోతుంది. 45,000 తిరిగేవాళ్లకు రెండేళ్ల మూడు నెలలు నిండకుండానే తీరిపోతుంది. అలాంటివాళ్లకు కిలోమీటర్ల పరిమితి లేని 3 ఏళ్ల వారంటీయే పెద్దది. ఏడాదికి 8,000 తిరిగేవాళ్లకు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మొదటి అడుగులో రాసుకున్న కాగితం ఇక్కడ తీయండి.

తర్వాత దేనికి ఎంతకాలమో విడివిడిగా రాసుకోండి. కారు మొత్తానికి ఇచ్చే వారంటీ వేరు, ఇంజిను, గేర్‌బాక్సులకిచ్చే పవర్‌ట్రెయిన్ వారంటీ వేరు. పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు రెండోదే. 12 వోల్టుల బ్యాటరీ, మ్యూజిక్ సిస్టమ్, పెయింటు లాంటివాటికి గడువు తక్కువ ఉండొచ్చు. టైర్ల బాధ్యత సాధారణంగా టైర్ల కంపెనీదే. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు వాడకంలో అరిగేవి కాబట్టి తయారీ లోపమైతే తప్ప రావు.

తుప్పు వారంటీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 10 ఏళ్లు, 12 ఏళ్లు అని చూసి చాలామంది సంబరపడతారు. లోపల చదివితే, రేకు లోపలి వైపు నుంచి తుప్పు తిని చిల్లు పడితేనే అని ఉంటుంది. రాయి తగిలి పెయింటు లేచి, అక్కడ పైపైన పట్టిన తుప్పు ఇందులోకి రాదు.

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీకి చాలా కంపెనీలిచ్చేది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, కెపాసిటీ 70 శాతానికి తగ్గకుండా. దీని అర్థం, ఏడో ఏట 72 శాతానికి పడిపోయినా క్లెయిమ్ రాదు. 68కి పడితే వస్తుంది కానీ, కంపెనీ బాధ్యత దాన్ని మళ్లీ ఆ పరిమితి పైకి తేవడం వరకే ఉండొచ్చు, కొత్త బ్యాటరీ ఇస్తామని మాట ఇచ్చినట్టు కాదు. కెపాసిటీ ఎవరు, ఏ పద్ధతిలో కొలుస్తారో కూడా చూడండి.

వారంటీ యజమానికా, కారుకా అన్నది ఇంకో ప్రశ్న. హ్యుందాయ్ 1998లో అమెరికాలో 10 ఏళ్లు, 1,00,000 మైళ్ల పవర్‌ట్రెయిన్ వారంటీ ప్రకటించింది. తమ కార్ల నాణ్యత మీద కొనేవాళ్లలో ఉన్న అనుమానాన్ని పోగొట్టడానికి వేసిన అడుగు అది, ఫలించింది కూడా. అయితే ఆ పదేళ్లు మొదటి యజమానికే, కారు చేతులు మారితే 5 ఏళ్లు, 60,000 మైళ్లకు తగ్గిపోతుంది. నాలుగేళ్లకే అమ్మేసే ఉద్దేశం ఉంటే, మీ కారు రీసేల్ విలువ ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది.

ఆ తర్వాత మినహాయింపుల పేజీ. ఇంజినులోకి నీళ్లు వెళ్లడం, సర్వీసు గడువు దాటడం, వైరింగ్ కోసి బయటి లైట్లు, హారన్లు పెట్టించడం తరచూ కనిపించేవి. ప్రతి సర్వీసు బిల్లూ దాచుకోండి. బయట మెకానిక్ దగ్గర చేయిస్తే వారంటీ మొత్తం పోతుందా అన్నది మీ దేశ చట్టాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప తమ బ్రాండు పార్టులే వాడాలని కంపెనీ షరతు పెట్టకూడదు. అన్నిచోట్లా ఆ రక్షణ ఉండదు. వారంటీలో మార్చిన పార్టుకు మళ్లీ కొత్త గడువు రాదు, చాలా కంపెనీల్లో కారుకు మిగిలిన కాలమే దానికీ.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మజూపితే రెండే ప్రశ్నలు అడగండి. ఇచ్చేది కార్ల కంపెనీయా, బయటి బీమా సంస్థా? కాగితంలో "ఇవి కవర్ అవుతాయి" అనే జాబితా ఉందా, "ఇవి తప్ప అన్నీ" అనే జాబితా ఉందా? రెండో రకమే మేలు. మొదటి రకంలో పేరు లేని సెన్సరు ఏదైనా పోతే ఖర్చు మీదే. టర్బో, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, బోలెడు ఎలక్ట్రానిక్స్ ఉన్న కారును ఏడెనిమిదేళ్లు ఉంచుకోవాలనుకుంటే కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమనే నేను చెబుతాను.

రీకాల్‌ను దీనితో కలపకండి. భద్రతకు సంబంధించిన లోపమని కంపెనీ వెనక్కి పిలిస్తే, మామూలుగా వారంటీ ముగిసినా ఉచితంగానే బాగుచేయాలి.

6. పుకారు ఎక్కడ పుట్టిందో వెతకండి

పది ఛానళ్లు ఒకే మాట చెబితే అది పది సాక్ష్యాలు కాదు. వెనక్కి తవ్వుకుంటూ వెళితే అన్నీ ఒకే ఒక్క వార్త దగ్గర ఆగుతాయి. ఆ మొదటి వార్తలో ఏముందో చూడండి.

నా అనుభవంలో గట్టి ఆధారాలంటే ప్రభుత్వ పత్రాలే. అమ్మకానికి ముందు అనుమతి కోసం ఇచ్చిన కాగితాల్లో పొడవు, వెడల్పు, ఇంజిను వివరాలు ఉంటాయి. చైనాలో పరిశ్రమల మంత్రిత్వ శాఖ విడుదలకు ముందే కొత్త కార్ల ఫొటోలను, కొలతలను ప్రచురిస్తుంది. చాలా లీకులకు మూలం అదే. ఆ తర్వాతి స్థానం స్పై షాట్స్‌ది, అంటే రోడ్డు మీద పరీక్షిస్తున్న కొత్త కారును చాటుగా తీసిన ఫొటోలది. అందులోనూ పాత కారు బాడీ కింద కొత్త ఇంజిను పెట్టి తిప్పుతున్నారంటే ఇంకా చాలా దూరం ఉంది. అసలు బాడీకే నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టి, అసలు హెడ్‌లైట్లతో తిరుగుతోందంటే దగ్గర పడింది. పేటెంటును చూసి ఆశ పెంచుకోవద్దు. కంపెనీలు ఎప్పటికీ తయారుచేయని వాటికీ పేటెంట్లు తీసుకుంటాయి, ఇతరులు వాడకూడదని పేర్లను ముందే ట్రేడ్‌మార్క్ చేయించుకుంటాయి. "రాబోయే మోడళ్ల గురించి మేం మాట్లాడం" అన్న కంపెనీ జవాబుకు అర్థం అవుననీ కాదు, కాదనీ కాదు. కొత్తది వస్తోందని ఒప్పుకుంటే ఇప్పుడున్నది అమ్ముడుపోదు, అందుకే ఎవరైనా అలాగే అంటారు.

నిజమయ్యే పుకార్లకు కూడా గడియారం ఉండదు. షెవర్లే స్పోర్ట్స్ కారు కొర్వెట్ ఇంజిను మధ్యలో పెట్టుకుని వస్తుందన్న మాట దశాబ్దాలు నలిగింది. కొర్వెట్ ఇంజినీరు జోరా ఆర్కస్ డంటోవ్ 1960లోనే ఆ తరహా ప్రయోగ కారు చేశాడు. అమ్మకానికి తెచ్చే కారును షెవర్లే చూపించింది 2019 జులైలో. మరోవైపు ఏళ్ల తరబడి వార్తల్లో నిలిచిన ఆపిల్ కారు పని 2024 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కంపెనీ స్వయంగా వేదిక మీద చెప్పిన మాటా కచ్చితం కాదు. టెస్లా సైబర్‌ట్రక్‌ను 2019 నవంబరులో 39,900 డాలర్ల నుంచి అని చూపించారు, మొదటి డెలివరీలు 2023 నవంబరు చివర్లో మొదలయ్యేసరికి ప్రారంభ ధర 60,990 డాలర్లకు చేరింది. అందుకే పుకారు నిజమా కాదా అని మాత్రమే కాదు, నిజమైతే ఎప్పుడు, ఎంతకు అని కూడా అడగాలి.

7. ఆగాలా, కొనాలా?

మోడల్ వయసు లెక్కపెట్టండి. మామూలుగా మూడు నాలుగేళ్లకు ఫేస్‌లిఫ్ట్ (అదే కారుకు చిన్న మార్పులు), ఆరేడేళ్లకు కొత్త తరం వస్తాయి. మీకు నచ్చిన కారు ఆరేళ్ల పాతదై, అసలు లైట్లతో టెస్ట్ కారు రోడ్డు మీద కనిపిస్తుంటే ఆగడంలో అర్థముంది, లేదా పాతదాని మీద గట్టిగా బేరమాడొచ్చు. ఫేస్‌లిఫ్ట్‌లో బంపరు, లైట్లు, స్క్రీను మాత్రమే మారతాయంటే దానికోసం ఆగకండి. పూర్తిగా కొత్త తరమైతే మొదటి కొన్ని నెలల బ్యాచ్‌లో చిన్నాచితకా లోపాలు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, విడుదలైన రోజే కాకుండా ఇంకాస్త తర్వాత కొనేలా ప్లాన్ చేసుకోండి. ఇప్పుడున్న కారు రోజూ ఆగిపోతుంటే మాత్రం పుకారు కోసం ఎదురుచూడొద్దు.

8. డెలివరీ రోజు మూడు చోట్ల చూడండి

బిల్లులో ఉన్న 17 అక్షరాల వీఐఎన్ (కారు గుర్తింపు) నంబరు, కారు మీద ఉన్నది ఒకటేనా చూడండి. ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నాయే. టైరు పక్క గోడ మీద అచ్చేసిన డీఓటీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. టైర్లు ఏడాది పాతవైతే కారు ఎప్పుడు తయారైందో, ఎక్కడ నిలబెట్టి ఉంచారో అడగండి. చివరిగా వారంటీ పుస్తకంలో ప్రారంభ తేదీ మీకు కారు అప్పగించిన తేదీయేనా అని చూసి, షోరూమ్ ముద్ర వేయించుకున్నాకే తాళాలు తీసుకోండి.