ఆరో వారంలో మా పాప ఆకలి

పాపకి ఆరు వారాలు నిండిన సాయంత్రం మొదలైంది. రెండు మూడు గంటలకోసారి తాగే పిల్ల, అరగంటకే మళ్ళీ ఏడుపు. చీర ఉయ్యాల్లో వేస్తే పది నిమిషాలు కూడా పడుకోదు. అప్పుడు అమలాపురం దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. "పాలు చాలట్లేదేమోనే, డబ్బా పాలు పడదామా?" అంది అమ్మ. నాకూ టెన్షన్ పట్టుకుంది.

డబ్బా కొనేముందు మా ఊరి ఆశా కార్యకర్త అక్కని అడిగాను. ఆవిడ ముందు పెరట్లో దండెం వైపు చూసింది. "రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోంది?" లెక్కపెడితే ఎనిమిది. "ఆరు దాటితే పాలు అందుతున్నట్టే అమ్మా. ఇప్పుడు ఒళ్ళు పెరుగుతోంది. అడిగినప్పుడల్లా పట్టు, తాగేకొద్దీ పాలు పడతాయి" అంది. మధ్యలో డబ్బా పాలు పడితే పిల్ల తల్లి దగ్గర తక్కువ తాగుతుంది, దాంతో పాలూ తగ్గిపోతాయట.

మూడు రోజులు ఇంటిపనంతా అమ్మకి వదిలేశాను. పక్కన చెంబుడు నీళ్ళు, గోడకి దిండు. పాప పడుకున్నప్పుడే నేనూ పడుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం పాప ఏకంగా మూడు గంటలు నిద్రపోయింది. నేను రెండుసార్లు లేచి ఊపిరి చూసుకున్నాను.

మూడో నెలలో మళ్ళీ అంతే. ఈసారి డబ్బా మాట రాలేదు, దండెం మీద గుడ్డలు లెక్కపెట్టుకున్నాం. తడి గుడ్డలు తగ్గినా, ఒళ్ళు వెచ్చబడినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.