బూమ్‌లిఫ్ట్ ఆగిపోయి ఫాల్ట్ కోడ్ వస్తోందా? ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలంటే

బూమ్‌లిఫ్ట్ అంటే బూమ్ అనే పొడవాటి చెయ్యి చివర బాస్కెట్లో మనిషిని పైకి లేపే బండి. అది పని మధ్యలో ఆగిపోయింది, స్క్రీన్ మీద ఏదో నాలుగంకెల నంబర్ (ఫాల్ట్ కోడ్), పైనుంచి ఆపరేటర్ కేకలు, కింద సూపర్‌వైజర్ ఫోన్ మీద ఫోన్. అప్పుడు మనోళ్ళు చేసే మొదటి పని కీ ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం. ఒక్కోసారి బండి కదులుతుంది కూడా, కానీ స్క్రీన్ మీదున్న కోడ్ పోతుంది, మళ్ళీ సాయంత్రం అదే చోట ఆగితే మెకానిక్‌కి చెప్పడానికి మన దగ్గర "ఏదో నంబర్ వచ్చిందన్నా" తప్ప ఏమీ ఉండదు. దుబాయ్‌లో ఒక రెంటల్ యార్డులో చాలాకాలం ఈ బండ్లతోనే ఉన్నా, అక్కడ అందరూ మ్యాన్‌లిఫ్ట్ అంటారు, ఇక్కడ హైదరాబాద్ సైట్లలోనూ అదే మాట. అక్కడ నేర్చుకున్నది, చెయ్యి కాల్చుకున్నది కలిపి రాస్తున్నా.

బాస్కెట్లో మనిషి ఉంటే కోడ్ గీడ్ అన్నీ తర్వాత, ముందు మనిషిని దించాలి. బండి కరెంటు లైనుకి తగిలి ఆగిందేమో చూడండి, అలా అయితే బండిని ముట్టుకోకండి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి, లైన్ ఆఫ్ చేయించాకే ఏదైనా. అది కాదంటే కీని కింద ప్యానెల్ వైపు తిప్పి, ఎర్ర బటన్ (ఎమర్జెన్సీ స్టాప్) బయటికి ఉందో లేదో చూసి, కింద నుంచే దించడానికి ట్రై చెయ్యండి. ఇంజన్ పడకపోతే డీజిల్ బూముల్లో ఆక్సిలరీ పంప్ స్విచ్ ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది, మెల్లగా దిగుతుంది కానీ దిగుతుంది. బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి అవసరం ఉన్నంతే వాడండి. పైనున్నతను కంగారుపడి హార్నెస్ (సేఫ్టీ బెల్టు) విప్పి పక్కనున్న బీమ్ మీదకి ఎక్కకుండా మాట్లాడుతూ ఉండండి, వాళ్ళ భయం వాళ్ళది.

మనిషి దిగాడు కదా, ఇప్పుడు స్క్రీన్ ఫొటో తియ్యండి. క్లియర్ చెయ్యకండి, కీ ఆఫ్ చెయ్యకండి, ముందు ఫొటో. తర్వాత ఆపరేటర్‌ని కూర్చోబెట్టి అడగండి: ఏ ఫంక్షన్ చేస్తుంటే ఆగింది, బూమ్ ఎంత బయటికి ఉంది, నిన్న వాన పడిందా, ఎవరైనా ప్రెషర్ వాషర్‌తో కడిగారా, బండి మీద వెల్డింగ్ చేశారా. చివరి రెండిటికీ ఎవడూ ఒక పట్టాన ఒప్పుకోడు. నవ్వుతూ అడగాలి.

ఇక కోడ్ చదవడం. జేఎల్‌జీ కంపెనీ బండ్లలో నంబర్ మొదటి రెండంకెలు చూస్తే ఏ ఇంటి గొడవో తెలిసిపోతుంది: 22 అంటే ఫుట్‌స్విచ్, జాయ్‌స్టిక్ లాంటి ప్లాట్‌ఫామ్ కంట్రోల్ సంగతి, 43 ఇంజన్, 44 బ్యాటరీ సప్లై, 66 మాడ్యూళ్ళ (బండిని నడిపే చిన్న కంప్యూటర్ డబ్బాలు) మధ్య కమ్యూనికేషన్. పాత వాటిలో లైట్ మెరుస్తుంది, నాలుగుసార్లు మెరిసి, ఆగి, మళ్ళీ నాలుగుసార్లు మెరిస్తే 4-4 అని లెక్క. జీనీ, హాలట్ లాంటివాటికి వాటి లిస్టు వేరే, ఒక కంపెనీ కోడ్ ఇంకోదానికి పనికిరాదు. అదే కంపెనీలో కూడా మోడల్ మారితే అర్థం మారొచ్చు కాబట్టి ప్లేట్ మీద సీరియల్ నంబర్ చూసి దానికి సరిపడే మాన్యువల్ తియ్యండి, జేఎల్‌జీ, జీనీ రెండూ వాళ్ళ సైట్లో మాన్యువల్స్ పెట్టాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కోడ్ పాడైన పార్టు పేరు చెప్పదు, ఏ సర్క్యూట్లో తేడా కనపడిందో చెబుతుంది. "ప్లాట్‌ఫామ్ మాడ్యూల్" అని వచ్చింది కదా అని మాడ్యూల్ ఆర్డర్ పెట్టేస్తే డబ్బులు బూడిదలో పోసిన పన్నీరే. నేను పోయించా, కింద చెప్తా.

అసలు ఫాల్టే కాని కోడ్లు కూడా ఉంటాయి, ముందు వాటిని పక్కకి తీసెయ్యండి. జేఎల్‌జీలో 2211 అంటే ఫుట్‌స్విచ్ తొక్కి 7 సెకన్లు ఏ ఫంక్షనూ చెయ్యలేదు, అందుకని బండి లాక్ చేసుకుంది, కాలు తీసి మళ్ళీ తొక్కితే సరి. 2212 అంటే ఫుట్‌స్విచ్ తొక్కకముందే డ్రైవ్ జాయ్‌స్టిక్ కదిలించారు. కొత్త ఆపరేటర్లకి ఇది రోజూ వచ్చేదే, కానీ పాత ఆపరేటర్‌కి పదేపదే వస్తోందంటే జాయ్‌స్టిక్ మధ్యకి వచ్చి ఆగట్లేదేమో, పెడల్ కింద ఏమైనా ఇరుక్కుందేమో చూడండి. వెల్డర్లు వాడిన బాస్కెట్లో పెడల్ కింద నుంచి రాడ్ ముక్కలు, గట్టిపడిన సిమెంటు ఎన్నిసార్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీశానో లెక్కలేదు. టిల్ట్ అలారం అంటే నేల వాలుగా ఉంది, ఓవర్‌లోడ్ అంటే బాస్కెట్లో బరువు ఎక్కువుంది, ఇవి బండి తన పని తాను చేస్తున్నట్టు. సెన్సార్ పోయిందనే ముందు మట్టం పెట్టి నేల చూడండి, బాస్కెట్ ఖాళీ చెయ్యండి.

తర్వాత బ్యాటరీ. ఏ కోడ్ వచ్చినా సరే ఇది చూడకుండా ముందుకెళ్ళకండి, వోల్టేజ్ పడిపోతే మాడ్యూళ్ళు పిచ్చిపిచ్చి కోడ్లు ఇస్తాయి, ఒకదానికొకటి పొంతన లేని అయిదారు కోడ్లు ఒకేసారి వచ్చాయంటే నేను నేరుగా బ్యాటరీ దగ్గరికే వెళ్తా. 12 వోల్టుల బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో, ఏ లోడూ లేనప్పుడు 12.6 దగ్గర ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.4 మధ్య, స్టార్ట్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. దిగితే బ్యాటరీయో, టెర్మినలో, బాడీ ఎర్త్ కేబులో. ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఉంటే గీకి బిగించండి. 48 వోల్టుల ఎలక్ట్రిక్ బూముల్లో మామూలుగా 6 వోల్టులవి 8 సిరీస్‌లో ఉంటాయి, మొత్తం 48 చూపిస్తుంది కదా అని వదిలెయ్యకుండా ఫంక్షన్ నొక్కుతూ ఒక్కోదాన్నీ విడిగా కొలవండి, ఒక్కటి ధడాల్న పడిపోతే దొంగ అదే.

ఓపెన్ సర్క్యూట్ అని వస్తే వైరు తెగింది, లేదా ప్లగ్ ఊడింది, లేదా కాయిల్ (ఆయిల్ వాల్వ్‌ని కరెంటుతో తెరిచే తీగచుట్ట) లోపల కాలిపోయింది. షార్ట్ టు గ్రౌండ్ అంటే వైరు తోలు ఊడి బాడీకి తగులుతోంది, షార్ట్ టు బ్యాటరీ అంటే ఇంకో కరెంటు వైరుకి తగులుతోంది. వాల్వ్ కాయిల్ అయితే బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేసి, ప్లగ్ తీసి ఓమ్స్ కొలిచి, పక్కనున్న అదే రకం కాయిల్‌తో పోల్చండి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే కాయిల్ మంచిదే, వైరు వెంట పోవాలి. ప్లగ్ తీసినప్పుడు పిన్నుల మీద పచ్చటి చిలుము కనపడితే మీ పని సగం అయిపోయినట్టే, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి పెట్టండి. ఆయిల్ లీక్ ఎక్కడుందో చేత్తో తడిమి మాత్రం చూడొద్దు, ప్రెషర్‌లో సన్నటి ధార చర్మంలోకి దూరుతుంది, అట్టముక్క పెట్టి చూడండి.

ఇప్పుడు 66 కథ. మాడ్యూళ్ళన్నీ క్యాన్ అనే రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి, 1986లో బాష్ కంపెనీ బయటపెట్టిన పద్ధతి ఇది, కార్లలో కూడా ఇదే. లైన్ రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి కరెంటు పూర్తిగా తీసేసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఎక్కడో లైన్ తెగింది లేదా ఒక చివర రెసిస్టర్ లేదు. సున్నా దగ్గరికి వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి.

మా యార్డుకి ఒక 60 అడుగుల బూమ్ ఇదే కంప్లయింట్‌తో మూడుసార్లు వెనక్కొచ్చింది. యార్డులో పెట్టి కొలిస్తే శుభ్రంగా 60. ప్లాట్‌ఫామ్ మాడ్యూల్ మార్పించా, వెళ్ళింది, రెండో రోజే మళ్ళీ వచ్చింది. అప్పుడు మా ఆపరేటర్ ఒకతను, జగిత్యాల ఆయన, "అన్నా, బూమ్ బయటికి పోయినప్పుడే ఆగుతుంది, లోపలికుంటే ఏం కాదు" అన్నాడు. మొదటి రోజే నేను అడగాల్సిన ముక్క అది. బూమ్ పూర్తిగా లాగి, పవర్ తీసి మళ్ళీ కొలిస్తే 120. బూమ్ పక్కన వైర్లు మోసే గొలుసు లాంటి ట్రాక్ ఉంటుంది కదా, దాంట్లో మడత పడే చోట వైరు పైకి నున్నగా బానే ఉంది, రెండు వేళ్ళతో పట్టి లాగితే చూయింగ్ గమ్‌లా సాగింది. లోపల రాగి తెగి, బూమ్ లోపలికున్నప్పుడు చివర్లు ఆనుకుంటున్నాయి, బయటికి పోతే విడిపోతున్నాయి. మార్చిన మాడ్యూల్ ఖర్చు గురించి మేనేజర్ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అందుకే బండి ఏ పొజిషన్‌లో ఆగిందో అదే పొజిషన్‌లో కొలవండి. బూమ్ బయటికి పెట్టి పని చేసేటప్పుడు కింద ఎవరూ లేకుండా చూసుకోండి, అంతే.

డీజిల్ ఇంజన్ కోడ్లు వేరే పద్ధతి, ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అని రెండు నంబర్లు వస్తాయి. మొదటిది ఎక్కడ అని, రెండోది ఎలా అని. ఎస్‌పీఎన్ 100 ఆయిల్ ప్రెషర్, 110 కూలెంట్ వేడి, 97 డీజిల్లో నీళ్ళు. ఎఫ్‌ఎంఐ 3 లేదా 4 అయితే ఆ సెన్సార్ వోల్టేజ్ ఎక్కువో తక్కువో ఉందని, అంటే ముందు వైరు, ప్లగ్, సెన్సార్ చూడాలి. 100 పక్కన 1 వస్తే మాత్రం ఆయిల్ ప్రెషర్ నిజంగానే ప్రమాదంగా పడిపోయిందని ఇంజన్ చెబుతోంది, వెంటనే ఆపి డిప్‌స్టిక్ చూడండి, "ఇంకొక్క పది నిమిషాలు లాగిద్దాం" అన్నారంటే ఇంజన్ దించుకోవాల్సిందే. 110 పక్కన 0 వస్తే వేడి నిజంగానే మించిపోయింది, ఇంజన్ ఆపి చల్లారాక రేడియేటర్ చూడండి, దుబాయ్‌లో మాకు ఎండాకాలం సగం కేసులు దుమ్ము పట్టిన రేడియేటరే.

లిమిట్ స్విచ్, టిల్ట్, ఫుట్‌స్విచ్, లోడ్ సెన్సార్, వీటిలో దేన్నీ వైరు ముక్కతో డైరెక్ట్ చెయ్యకండి. "ఈ ఒక్కరోజుకి" అని పెట్టిన జంపర్ వైరు నెలల తర్వాత టేపు చుట్టుకుని అలాగే కనపడటం నేను చూశా, ఈలోపు ఎంతమంది ఆ బాస్కెట్ ఎక్కారో దేవుడికే తెలియాలి. క్యాలిబ్రేషన్ (సెన్సార్లని మళ్ళీ సరిచూసి సెట్ చెయ్యడం) అడుగుతుంటే ఎనలైజర్ (కోడ్లు చదివే, సెట్టింగ్‌లు మార్చే చేతి పరికరం) ఉన్న ట్రెయినింగ్ అయిన మెకానిక్‌ని పిలవండి, వాలు నేల మీద టిల్ట్ సున్నా చేస్తే బండి ఆ వాలునే మట్టం అనుకుంటుంది. బండి మీద వెల్డింగ్ తప్పనిసరైతే బ్యాటరీ, మాడ్యూల్ ప్లగ్గులు తీసి, ఎర్త్ క్లాంప్ వెల్డ్ పక్కనే పెట్టమనండి.

రిపేర్ అయ్యాక కోడ్ క్లియర్ చేసి, ఖాళీ బాస్కెట్‌తో కింద ప్యానెల్ నుంచే బూమ్ పూర్తిగా లేపి, పూర్తిగా లాగి, రెండువైపులా తిప్పండి. ఎర్ర బటన్లు రెండూ నొక్కి బండి ఆగుతోందో లేదో చూడండి. ఓ పావుగంట నడిపి మళ్ళీ లాగ్ (బండి దాచుకున్న కోడ్ల లిస్టు) తియ్యండి. జేఎల్‌జీ ఎనలైజర్ అయితే హెల్ప్ నొక్కితే కీ ప్లాట్‌ఫామ్ వైపు ఉన్నప్పుడు "ఎవ్రీథింగ్ ఓకే" అని, కింద ప్యానెల్ వైపు ఉన్నప్పుడు "గ్రౌండ్ మోడ్ ఓకే" అని చూపిస్తుంది, లాగ్‌లో కూడా కొత్తది ఏమీ పడకపోతే ఏ కోడ్, ఏ వైరు, ఏ తేదీ అని పుస్తకంలో ఒక లైన్ రాసి బండి ఇచ్చెయ్యండి.