నేల మీద ఒక్క పుష్‌అప్ కూడా రానివాళ్లకు

వారం రోజులుగా ప్రయత్నిస్తున్నా ఒక్కటీ రావట్లేదు అనేవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటే. మొదటిరోజే నేల మీద బోర్లా పడుకుని లేవబోతారు. నేల మీద పుష్‌అప్ చేసేటప్పుడు మన ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీదే పడుతుంది. 75 కిలోల మనిషి అయితే దగ్గర దగ్గర 50 కిలోలు. జిమ్‌కి కొత్తగా వచ్చినవాడి చేత మొదటిరోజే అంత బరువు ఎత్తించరు కదా! ఇక్కడా అంతే, తక్కువ బరువుతో మొదలుపెట్టాలి. అందుకు బరువులేమీ కొనక్కర్లేదు, చేతులు ఆనించే చోటు ఎత్తు పెంచితే చాలు. సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు మీద చేతులు పెడితే వాటి మీద పడేది ఒంటి బరువులో 40 శాతం దాకానే ఉంటుంది. నిలబడి గోడను నెడితే ఇంకా బాగా తక్కువ.

మరి మోకాళ్లు ఆనించి చేస్తే? అదీ పనికొస్తుంది, తప్పేమీ కాదు. కానీ మోకాళ్ల మీద 20 తీసేవాళ్లు కూడా కాళ్లు చాపగానే ఒక్కటి తీయలేక ఆగిపోవడం మామూలే. మోకాళ్లు నేలకు ఆనితే పొట్ట, తొడలు బిగపట్టాల్సిన పని సగం తప్పిపోతుంది, ఆ బిగింపు అలవాటు కాదు. పైగా మోకాళ్ల మీది పుష్‌అప్‌కీ అసలైనదానికీ నడుమ మెట్లు లేవు, ఒక్కసారే గెంతాలి. ఎత్తు తగ్గించుకుంటూ వచ్చే పద్ధతిలో ఎన్ని మెట్లు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు.

ఆ మెట్లు ఇంట్లోనే ఉంటాయి. ముందు గోడ, తర్వాత వంటగట్టు, ఆ తర్వాత బల్ల, కుర్చీ, చివరికి చిన్న పీట లేదా మెట్టు. కుర్చీ వాడితే దాని వీపు గోడకు ఆనేలా పెట్టండి, లేకపోతే జారి మూతి పగులుతుంది. మీకు సరిపోయే ఎత్తు ఏదో తెలుసుకోవడం తేలిక. 8 తీశాక, ఇంకో రెండు తీయగలననిపించి ఆపగలిగితే అదే మీ ఎత్తు. నాలుగుకే చేతులు వణికితే పైమెట్టుకు వెళ్లండి. 20 సునాయాసంగా వస్తే కిందికి దిగండి.

ఇప్పుడు వంటగట్టు దగ్గర ఒక్క పుష్‌అప్‌ను నిదానంగా చూద్దాం.

అరచేతులు భుజాలకన్నా కొంచెం వెడల్పుగా గట్టు అంచు మీద పెట్టండి. పాదాలు వెనక్కి జరిపి, మడమలు లేపి, మునివేళ్ల మీద నిలబడండి. పిరుదులు బిగించండి. ఎవరో పొట్ట మీద గుద్దబోతున్నట్టు పొట్ట బిగపట్టండి. తల నుంచి మడమల దాకా ఒకే గీతలా ఉండాలి. ఊపిరి పీలుస్తూ, రెండు మూడు సెకన్లు తీసుకుని కిందికి దిగండి. మోచేతులు పక్కలకు బార్లా చాచినట్టు కాకుండా, ఒంటికి సుమారు 45 డిగ్రీల కోణంలో వెనక్కి వెళ్లాలి. పైనుంచి చూస్తే బాణం మొనలా కనిపించాలి, ఇంగ్లిష్ టీ అక్షరంలా కాదు. టీ ఆకారంలో చేసేవాళ్లకే భుజం ముందు భాగంలో నొప్పి ఎక్కువగా వస్తుంది.

ఛాతీ కింది భాగం అంచుకు తగిలేదాకా దిగాలి. అంచు మెడ దగ్గరకు వస్తోందంటే పాదాలు మరీ వెనక ఉన్నట్టు, కాస్త ముందుకు జరగండి. పొట్టకు తగులుతోందంటే మరీ దగ్గరగా నిలబడ్డట్టు, వెనక్కి జరగండి. దిగాక అర సెకను ఆగి, ఊపిరి వదులుతూ గట్టును నెట్టండి. చేతులు పూర్తిగా చాపాక ఇంకొంచెం నెట్టి, వీపు మీద రెక్కల్లా ఉండే రెండు ఎముకలు ఒకదానికొకటి దూరం జరిగేలా చూడండి. ఈ చివరి నెట్టుడును చాలామంది వదిలేస్తారు. ఆ ఎముకలను పట్టి ఉంచే కండరాలకు పని దొరికేది అక్కడే.

ఎక్కువగా కనిపించే తప్పు నడుము జారడం. అలసట రాగానే పొట్ట వదులై, ఉయ్యాల తాడులా నడుము కిందికి వేలాడుతుంది. మర్నాడు నడుం పట్టేసింది అంటారు. జారుతున్నట్టు అనిపించగానే ఆ సెట్ (ఆగకుండా వరసగా తీసే పుష్‌అప్‌లు) ఆపేయాలి, లెక్క పూర్తికాకపోయినా సరే. దీనికి తమ్ముడు లాంటి తప్పు మెడ చాచడం. ఛాతీ దిగకుండా గడ్డం మాత్రం ముందుకెళ్లి అంచును ముద్దాడుతుంది, కిందికి దిగామన్న భ్రమ మిగులుతుంది. ఇక సగం దిగి 30 లెక్కపెట్టేవాళ్లకు చెప్పేదేమీ లేదు, అవి 30 కావు. ఫోన్‌ను పక్కనుంచి నడుము ఎత్తులో పెట్టి ఒక సెట్ వీడియో తీసుకుంటే ఈ మూడూ వెంటనే తెలిసిపోతాయి. అద్దం ముందు చేస్తే తెలియవు, అద్దంలోకి చూడటానికి మెడ తిప్పితే గీత చెడిపోతుంది.

రోజూ చేయాలా? వద్దు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కోరోజు విరామం ఇచ్చి చేస్తే సరిపోతుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 2 రోజులైనా కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది వారానికి 150 నుంచి 300 నిమిషాల వేగపు నడకలాంటి శ్రమకు బదులు కాదు, దానికి అదనం. చేసే రోజున మూడు సెట్లు, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు కూర్చోండి. మూడు సెట్లలోనూ నడుము జారకుండా 12 చొప్పున వచ్చాయంటే తర్వాతిసారి 10, 15 సెంటీమీటర్లు ఎత్తు తగ్గించండి. తగ్గించగానే లెక్క 6, 7కి పడిపోతుంది. అలా పడిపోవాల్సిందే, కంగారుపడి పాత ఎత్తుకు వెళ్లకండి.

పీట దాకా వచ్చి, నేల మీద మాత్రం రానివాళ్లకు దిగుడు సాధన బాగా పనిచేస్తుంది. నేల మీద కాళ్లు చాపి పైభంగిమలో మొదలుపెట్టి, ఐదు సెకన్లు తీసుకుని ఛాతీ నేలకు ఆనేదాకా దిగండి. లేచేటప్పుడు నెట్టొద్దు. మోకాళ్లు ఆనించి లేచి, మళ్లీ మొదటికి రండి. ఎత్తగలిగినదానికన్నా ఎక్కువ బరువును కండరం మెల్లగా దించగలదు, అందుకే ఇది సాధ్యమవుతుంది. 4 లేదా 5 చొప్పున మూడు సెట్లు చాలు. మర్నాడో ఎల్లుండో ఛాతీ, జబ్బల వెనక పచ్చిపుండులా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది.

మణికట్టు నొప్పి పెడుతుంటే అరచేయి పరచకుండా గట్టు అంచును పిడికిలితో పట్టుకోండి. నేల మీద అయితే కదలని డంబెల్స్‌ను పట్టుకుని చేస్తే మణికట్టు వెనక్కి విరగదు. ఎన్ని పుష్‌అప్‌లు చేస్తే కనీసం అన్నిసార్లు దేన్నైనా మీవైపు లాగే కసరత్తు కూడా చేయాలి. రబ్బరు బ్యాండ్‌ను ఛాతీ ఎత్తులో దేనికైనా గట్టిగా కట్టి, మోచేతులు వెనక్కి వచ్చేలా లాగితే చాలు.

ఊపిరి బిగబట్టి నెట్టకండి, ఆ క్షణంలో రక్తపోటు బాగా పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. చేస్తుండగా గుండెల మీద బరువు పెట్టినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపండి. గుండెల మీది బరువు తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

మొదటి పుష్‌అప్ నేల మీద వచ్చిన రోజు వరసగా ఐదు కోసం పాకులాడొద్దు. ప్రతి సెట్‌లోనూ ఆ ఒక్కటీ ముందు తీసి, మిగతా 7 పీట మీదికి మారి తీయండి. రెండు వచ్చాక రెండూ నేల మీద, 6 పీట మీద.